పల్లేరు కషాయమూ, చెంబెడు నీళ్ళూ

నెల్లూరు తీరాన మైపాడు ఇసకలో చెప్పుల్లేకుండా నడిచినవాళ్ళకి పల్లేరుకాయ సంగతి నేను చెప్పాలా? కోడూరయినా, రామతీర్థమయినా, ఇసకపల్లి అయినా అంతే. సముద్రం చూసిన సంబరంలో నాలుగడుగులు వేశామో లేదో, "అబ్బా" అని ఒంటికాలి మీద గెంతాల్సిందే. అలాంటి కాయని మన పెద్దవాళ్ళు ఓపిగ్గా ఏరి, ఎండబెట్టి, డబ్బాలో పోసి అటక మీద దాచేవాళ్ళు. ఎందుకో ఇంట్లో మగవాళ్ళకి తెలిసేది కాదు. ఆడవాళ్ళకి తెలుసు. ఒంటికి పోతే మంట పుట్టిన రోజున ఆ కషాయమే దిక్కు.

ఇవాళ ఆ ముచ్చటే పెట్టుకుందాం అక్కాచెల్లెళ్ళూ. మోకాళ్ళ నొప్పుల గురించి వీధి అరుగు మీద కూర్చుని గంటసేపు చెప్పుకుంటాం. థైరాయిడ్ మాత్రల పేర్లు ఒకరికొకరం అప్పజెప్పుకుంటాం. ఈ మంట దగ్గరికొచ్చేసరికి మాత్రం గొంతు తగ్గిపోతుంది. ఆడవాళ్ళలో సగంమంది దాకా జీవితంలో ఒక్కసారైనా మూత్రం ఇన్‌ఫెక్షన్‌తో అవస్థ పడేవాళ్ళేనని డాక్టర్లే చెప్తున్నారు. అంటే మన వీధిలో ఇంటికొకరు ఉన్నట్టే. ఇక కొందరికి ఒకసారితో పోదు. ఆరు నెలల్లో 2 సార్లు గానీ, ఏడాదిలో 3 సార్లు గానీ వచ్చిందంటే దాన్ని మళ్ళీ మళ్ళీ తిరగబెట్టే జబ్బు కిందే జమ కడతారు. చుక్క చుక్కగా రావడం, వెళ్ళొచ్చిన నిమిషానికే మళ్ళీ వెళ్ళాలనిపించడం, పొత్తికడుపులో బరువు, రాత్రంతా మంచానికీ బాత్రూముకీ మధ్య తిరుగుడు. పడ్డవాళ్ళకి నేను వర్ణించక్కర్లేదు.

మన వైపు దీనికి ఇంటివాళ్ళు చెప్పే కారణం ఒక్కటే, వేడి చేసింది అని. "రెండుపూటలా చేపల పులుసు లాగించావు, వేడి చెయ్యకేం చేస్తుంది?" అని అత్తగారంటారు. "ఎండన పడి తిరిగితే అంతే మరి" అని అమ్మంటుంది. అమ్మ మాటలో సగం నిజముంది. రోహిణీ కార్తెలో మన ఎండలకి ఒంట్లో నీళ్ళన్నీ చెమటై పోతే మూత్రం చిక్కబడుతుంది, ముదురు పసుపుకి తిరుగుతుంది, దానికే చురుక్కుమంటుంది. ఆ మంట రెండు గ్లాసుల మజ్జిగతో సర్దుకుంటుంది. చేపల పులుసు మీద నింద మాత్రం ఉత్తిది. అసలు ఇన్‌ఫెక్షన్ తెచ్చిపెట్టేది సూక్ష్మజీవి. నూటికి 75 సార్లకి పైగా అది ఈ.కోలై. మన పేగుల్లోనే కాపురం ఉంటుంది, అక్కడున్నంతకాలం దానివల్ల గొడవ లేదు. దారి తప్పి మూత్రనాళంలోకి ఎక్కినప్పుడే తంటా. మగవాళ్ళకి ఆ దారి పొడుగు, మనకి సుమారు 4 సెంటీమీటర్లు. ఎక్కినది సన్నటి నూగుతో మూత్రాశయం గోడకి అతుక్కుని పిల్లల్ని పెడుతుంది. గోడని పట్టుకోకముందే నీళ్ళ ధారకి కొట్టుకుపోతే మనం బతికిపోయినట్టు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఇక ముందు చెప్పబోయే ఆకూ కాయా అన్నిటికీ ఇదే ఆధారం.

పల్లేరు దగ్గరికి వద్దాం. మన తీరంలో ఆ పేరుతో రెండు మొక్కలున్నాయి. నేలమీద చాపలా పరుచుకుని, చిన్న చిన్న పసుపు పూలు పూసేది చిన్న పల్లేరు. ఆయుర్వేదం గోక్షురం అనేది దీన్నే. మూత్రం ధారాళంగా అయ్యేట్టు చేసే పది మూలికలని చరకసంహిత ఒక వరసలో చెప్పింది, ఆ పదిలో ఇదొకటి. దర్భ, రెల్లు కూడా ఆ వరసలోనివే. పెన్న ఒడ్డున శరత్కాలంలో తెల్లగా ఊగే మన రెల్లే సుమా. రెండోది ఏనుగు పల్లేరు. ఇది కాస్త పైకి లేచి గుబురుగా పెరుగుతుంది. ఆకులు దళసరి, పూలు పెద్దవి, కాయకి నాలుగు పలకలు, నాలుగు ముళ్ళు. సముద్రపు ఒడ్డు ఇసకంటే దానికి ప్రాణం.

ఏనుగు పల్లేరుతో ఒక తమాషా ఉంది, చూడకపోతే చూడండి. పచ్చి రెమ్మ ఒకటి తుంచి, ఇసక పోయేట్టు కడిగి, గ్లాసుడు చన్నీళ్ళలో పెట్టి గిరగిరా తిప్పండి. చూస్తూండగానే నీళ్ళు చిక్కబడి, గుడ్డులో తెల్లసొన మాదిరి జిగురుగా సాగుతాయి. రంగు మారదు, రుచీ పెద్దగా ఉండదు. గ్లాసు వంచితే ధార కట్టకుండా మొత్తం ఒక్కటిగా జారుతుంది. కొన్ని గంటలు కదపకుండా ఉంచితే మళ్ళీ మామూలు నీళ్ళే. పూర్వం మజ్జిగ అమ్మేవాళ్ళు నీళ్ళు కలిపిన మజ్జిగలో ఈ రెమ్మ తిప్పి చిక్కటి మజ్జిగని అంటగట్టేవాళ్ళని పాత మూలికల పుస్తకాల్లో ఉంది. కల్తీకి కూడా ఎంత తెలివి! ఆ జిగురు నీళ్ళనే మంటకి మందుగా తాగడం మన తీరంలో పాత అలవాటు. ఎండుకాయలైతే నలగ్గొట్టి, రాత్రి నానేసి, పొద్దున మరిగించి, సగానికి దించి తాగేవాళ్ళు.

తాగితే హాయిగా ఉంటుంది, కాదనను. హాయి వేరు, జబ్బు మళ్ళీ రాకుండా కాపాడటం వేరు. పల్లేరు సారం ప్రయోగశాలలో గాజు పళ్ళెం మీద కొన్ని సూక్ష్మజీవుల్ని అణచిన మాట నిజమే. మన ఒళ్ళు గాజు పళ్ళెం కాదు కదా. పదేపదే ఇన్‌ఫెక్షన్ వచ్చే ఆడవాళ్ళని వందలమందిని కూర్చి, సగంమందికి పల్లేరు, సగంమందికి ఉత్త మాత్ర ఇచ్చి, ఏడాదిపాటు లెక్కలు రాసిన పెద్ద పరీక్ష దాని వెనక లేదు.

ఈ మాట అంటే మన జిల్లాలో కొందరికి కోపమొస్తుందని తెలుసు. 2021 మే నెల కృష్ణపట్నం ఎవరు మరిచిపోతారు? కరోనాకని ఆనందయ్య గారు ఇచ్చిన మందు కోసం ఊరి దారంతా కార్లు, అంబులెన్సులు. చివరికి మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలని పక్కనపెట్టి, పి, ఎల్, ఎఫ్ అనే మందుల పంపిణీకి అనుమతిచ్చింది. నిపుణులు తేల్చింది ఏమంటే, వాటివల్ల హాని కనిపించలేదు, కరోనా తగ్గుతుందనడానికి రుజువూ లేదు. మన పల్లేరు పరిస్థితీ అదే. పెద్దవాళ్ళ మాట మీద గౌరవంతో వారానికో గ్లాసు తాగుతానంటే నాకు అభ్యంతరం లేదు. దాన్ని నమ్ముకుని జ్వరంతో ఇంట్లో కూర్చుంటానంటే మాత్రం ఊరుకోను.

పైగా "ఆకే కదా, ఏమవుద్దిలే" అనే మాట ఒకటుంది చూడండి, దాని దగ్గర నాకు భయం. ఇరాన్‌లో ఒక యువకుడు కిడ్నీ రాళ్ళు రాకుండా ఉంటాయని పల్లేరు నీళ్ళు రోజుకి 2 లీటర్ల లెక్కన రెండు రోజులు తాగి, మూర్ఛలొచ్చి, కాలేయం, కిడ్నీలు రెండూ దెబ్బతిని ఆసుపత్రిలో పడ్డాడు. 2010లో డాక్టర్లు ఆ కేసుని వైద్య పత్రికలో రాశారు. మన నల్లరేగడి చేల గట్ల మీద దొరికే గాడిద గడపాకు ఇంకా ప్రమాదం. అందులో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది కిడ్నీలని నాశనం చేస్తుంది, క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చింది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడతామని మూలికల మాత్రలు మింగిన ఆడవాళ్ళలో వందమందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నది ఆ జాతి మొక్కవల్లే. కాబట్టి ఎవరో సంచిలో తెచ్చి, పేరు చెప్పకుండా ఇచ్చిన పొడి మాత్రం నోట్లో వేసుకోవద్దు. కడుపుతో ఉన్నవాళ్ళు పల్లేరుతో సహా ఏ కషాయం జోలికీ పోవద్దు.

వంటింటి సరుకులకి ఇంత భయం అక్కర్లేదు. బార్లీ నీళ్ళు, ధనియాలు నానేసిన నీళ్ళు, సుగంధిపాల షర్బత్తు, సబ్జా, పల్చటి మజ్జిగ, లేత కొబ్బరి నీళ్ళు. కిడ్నీ జబ్బున్నవాళ్ళకి కొబ్బరి నీళ్ళలోని పొటాషియం పడదు, వాళ్ళు అడిగి తాగాలి. కొండపిండి ఆకు, ఉలవకట్టు, అరటి దూట రాళ్ళకి వాడేవి, వాటిని ఈ లెక్కలో కలపొద్దు. ఇన్ని పేర్లు చెప్పాను గానీ, గమనించారా? వీటన్నిటిలోనూ గ్లాసులో ఎక్కువ భాగం నీళ్ళే.

ఆ నీళ్ళకే గట్టి రుజువుంది. 2018లో అచ్చయిన ఒక పరిశోధన బల్గేరియాలో 140 మంది ఆడవాళ్ళ మీద చేశారు. అందరూ మనలాగే నీళ్ళు తక్కువ తాగేవాళ్ళు, అందరికీ ఈ జబ్బు తిరగబెడుతున్నదే. సగంమందిని రోజూ తాగేదానికి తోడు ఇంకో లీటరున్నర తాగమన్నారు. మిగతావాళ్ళని మామూలుగా ఉండమన్నారు. ఏడాది తిరిగేసరికి నీళ్ళు తాగినవాళ్ళకి సగటున 1.7 సార్లు వచ్చింది, తాగనివాళ్ళకి 3.2 సార్లు. దాదాపు సగానికి సగం! లీటరున్నర అంటే ఆరు గ్లాసులు. పైసా ఖర్చు లేని మందు. ఊరికే నీళ్ళు తాగబుద్ధి కాకపోతే అందులో బార్లీ వేసుకోండి, ధనియాలు వేసుకోండి, మీ అమ్మమ్మ పేరు చెప్పుకుని పల్లేరూ వేసుకోండి. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ఎంత తాగాలో డాక్టరుని అడిగి తాగాలి.

ఇక అమెరికాలో ఉన్న ఆడపిల్లలు వచ్చేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకొచ్చే క్రాన్‌బెర్రీ మాత్రల సంగతి. మొక్కల మందుల్లో ఇప్పటికి పరీక్షకి నిలబడిందంటే ముందు చెప్పాల్సింది ఇదే. 2023లో కొక్రేన్ సంస్థ 50 పరిశోధనల్ని, 8,857 మంది వివరాల్ని కలిపి చూసింది. మళ్ళీ మళ్ళీ ఇన్‌ఫెక్షన్ వచ్చే ఆడవాళ్ళలో క్రాన్‌బెర్రీ ఆ ముప్పుని దాదాపు నాలుగో వంతు తగ్గించింది. ఆ పండులోని ఒక రకం వగరు పదార్థం సూక్ష్మజీవిని గోడకి అతుక్కోనివ్వదంటారు. గర్భిణులకీ, వృద్ధాశ్రమాల్లో ఉన్న పెద్దవాళ్ళకీ మాత్రం లాభం కనిపించలేదు. వచ్చాక తగ్గించే మందు కాదిది, రాకుండా చూసేది. సీసాల్లో అమ్మే తియ్యటి రసంలో చక్కెర దండిగా ఉంటుంది, షుగరున్నవాళ్ళు చూసుకోవాలి. రక్తం పల్చబడే వార్ఫరిన్ వాడేవాళ్ళు డాక్టరుకి చెప్పకుండా మొదలుపెట్టొద్దు.

"మన వాక్కాయే గదక్కా క్రాన్‌బెర్రీ?" అని అడుగుతారు. కాదమ్మా. ఎర్రగా, పుల్లగా ఉన్నంత మాత్రాన రెండూ ఒక్కటైపోవు, వాటి జాతులే వేరు. వాక్కాయ పప్పు నాకూ ఇష్టమే, పులిహోర ఇంకా ఇష్టం. బేకరీలో కేకు మీద చెర్రీ అని పెట్టేది కూడా చాలాసార్లు పాకం పట్టిన వాక్కాయే. రుచికి తినండి, మూత్రాశయానికి మందని మాత్రం కొనొద్దు. ఈ మధ్య మందుల షాపుల్లో కనిపించే డి-మానోస్ పొడి మీద కూడా పెద్ద ఆశలు పెట్టుకోకండి. ఇంగ్లండ్ వైపు 598 మంది ఆడవాళ్ళకి ఆరు నెలలు ఇచ్చి చూస్తే ఉత్త పొడికీ దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదని 2024లో తేలింది.

ఇంతదాకా చెప్పింది తేలిక. నీళ్ళు తాగమని రాయడానికి నాకేం, ఫ్యాను కింద కూర్చుని రాస్తాను. ముత్తుకూరు వైపు రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పని చేసే ఒకామెకి ఇదే చెప్పబోతే ఆమె నవ్వింది. "పొద్దన్నే టీ నీళ్ళు తాగి పోతే మళ్ళా మాపటికి ఇంటికొచ్చిందాకా చుక్క ముట్టనక్కా. తాగితే పోవాల. యాడికి పోవాల?" అంది. ఐసు నీళ్ళలో గంటల తరబడి నిలబడే పని. ఒక్కసారి బయటికి పోవాలంటే గ్లవ్సు, ఏప్రాను, బూట్లు విప్పాలి, మళ్ళీ తొడుక్కోవాలి, ఆ పది నిమిషాలకి బుట్ట లెక్క తగ్గుతుంది, సూపర్‌వైజరు మొహం చిట్లిస్తాడు. ఉన్న ఒక్క దొడ్డికి గడియ ఊడిపోయి ఉంటుంది. నాట్లు వేసే తల్లులకి ఆ దొడ్డి కూడా లేదు. ఇసకపల్లి ఉప్పు మళ్ళలో కనుచూపు మేర చాటుకి ఒక చెట్టుండదు. ఉదయం నుంచి బిగబట్టుకున్న మూత్రంలో సూక్ష్మజీవులు ఎంత తీరిగ్గా పెరుగుతాయో వేరే చెప్పాలా?

ఇంకో కష్టం, తాగే నీళ్ళే కష్టం. రొయ్యల గుంటలు వచ్చాక బావులు ఉప్పెక్కాయని తీరం ఊళ్ళు 1990ల నుంచీ మొత్తుకుంటున్నాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు రొయ్యల సాగు మీద ఇచ్చిన తీర్పులోనూ తాగునీటి బావులు ఉప్పుబారిన గోడు ఉంది. 20 లీటర్ల క్యాను కొనుక్కుని తాగే ఇంట్లో మొదట పిల్లలకి, తర్వాత మగవాళ్ళకి, చివరగా కోడలికి. ఆ పొదుపు ఆమె ఒంటి మీదే పడుతుంది.

కాస్త చెవి దగ్గరికి రండి, నలుగురిలో అడగలేని సంగతులు రెండు మూడు చెప్తాను. భర్తతో కలిశాక బద్ధకించకుండా లేచి ఒంటికి వెళ్ళి రండి. కొత్తగా పెళ్ళయిన పిల్లలకి ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది ఆ కలయికవల్లే, వాళ్ళ గుణం మంచిది కాదని కాదు. ఆ నింద వేసే అత్తగార్లకి ఈ పేజీ చూపించండి. కడుక్కునేటప్పుడు చెయ్యి ముందు నుంచి వెనక్కి పోవాలి. సబ్బులు, సువాసన ద్రవాలు లోపలికి అక్కర్లేదు. ముట్లుడిగాక మొదలైన బాధైతే దానికి వేరే మందుంది. ఆ వయసులో ఈస్ట్రోజెన్ తగ్గి లోపలి పొర ఎండిపోయి సూక్ష్మజీవికి దారి సులువవుతుంది. లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీముతో 1993లో చేసిన పరిశోధనలో మందు వాడినవాళ్ళకి ఏడాదికి సగటున 0.5 సార్లు, ఉత్త క్రీము వాడినవాళ్ళకి 5.9 సార్లు వచ్చింది. ఏ కషాయమూ దీని దరిదాపుల్లోకి రాదు. యాభై దాటిన అక్కలు సిగ్గు పక్కనపెట్టి లేడీ డాక్టరుని అడగాల్సిన మాట ఇది. తిరగబెడుతోందంటే ఒకసారి షుగరు కూడా చూపించుకోండి.

మందుల షాపుకి పోయి "అన్నా, మంటకి రెండు మాత్రలియ్యి" అనడం మానాలి. రెండు రోజులు మింగి, మంట తగ్గగానే మిగిలినవి ఆడబిడ్డకి ఇచ్చేస్తాం. అలా వాడీ వాడీ మన దేశంలో ఈ.కోలై చాలా మందులకి లొంగకుండా తయారైంది. యూరిన్ కల్చరు పరీక్ష చేయిస్తే ఏ మందుకి లొంగుతుందో తెలుస్తుంది. చలితో జ్వరం, నడుం పక్కన పోటు, వాంతులు, మూత్రంలో రక్తం, వీటిలో ఏది కనిపించినా పల్లేరు డబ్బా దించొద్దు, ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. దగ్గర్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంటే అక్కడికి, లేదంటే నెల్లూరు పెద్దాసుపత్రికి. కడుపుతో ఉన్నవాళ్ళకి మంట లేకపోయినా పరీక్షలో సూక్ష్మజీవులు కనిపిస్తే మందు వాడాల్సిందే. వదిలేస్తే కిడ్నీకి పాకి, నెలలు నిండకముందే కాన్పయ్యే ప్రమాదముంది.

రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె పట్టుకునే తల్లులం మనం. 1992లో దూబగుంటలో రోశమ్మతో కలిసి సారా కొట్లు మూయించినదీ ఈ జిల్లా ఆడవాళ్ళే. నీళ్ళు తాగాలంటే ముందు పోవడానికి చోటు కావాలి. ఫ్యాక్టరీలో ఆడవాళ్ళకి వేరుగా మరుగుదొడ్లు ఉండాలని 1948 నాటి చట్టంలోనే చెప్పారు, కొత్తగా ఎవరి దయా అక్కర్లేదు. ఈసారి పొదుపు సంఘం మీటింగులో కిస్తుల లెక్క అయిపోయాక లేచి వెళ్ళిపోకండి. పనిచేసే చోట తలుపు, గడియ, నీళ్ళు ఉన్న మరుగుదొడ్డి కావాలని మినిట్స్ పుస్తకంలో రాయించి, అందరూ సంతకాలు పెట్టి, ఒక కాపీ షెడ్డు యజమానికి, ఒక కాపీ పంచాయతీకి ఇవ్వండి.